గోడమీది కుందేటి కొమ్ములు

కడపలో సభ ముగించుకుని కర్నూలు బస్సెక్కేసరికి నా ఒళ్ళో కొత్త శాలువా ఉంది. పక్కన నా భార్య. మైదుకూరు దాటేదాకా ఆమె కిటికీలోంచి బయటికే చూసింది. తర్వాత తల తిప్పకుండానే అడిగింది.

"ఇదో, నువ్వా గుట్ట ఎప్పుడెక్కినావు?"

అంతకు ముందే మైకు ముందు నిలబడి, మండుటెండలో గుట్ట ఎక్కడం గురించి, రాళ్ళ సందులో ఆ మొక్క కనబడగానే గుండె ఝల్లుమనడం గురించి, మోకాళ్ళ మీద కూర్చుని ఫోటో తీయడం గురించి వివరంగా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆమె మూడో వరుసలో కూర్చుని సమోసా తింటూ అదంతా విన్నది.

"గుట్ట ఎక్కింది నేను. తెచ్చింది నేను. మన గోడలో గుచ్చింది నేను. నువ్వు కుర్చీ ఏసుకోని, కాఫీ తాగతా పోటో తీసినావు."

"మెల్లగా మాట్లాడు."

"ఎందుకు మెల్లగా? మైకులో నువ్వు మెల్లగా మాట్లాడినావా?"

"అట్లా చెప్తే వాళ్ళు లెక్కలోకి తీసుకోరు. మనిషి చేత్తో నాటినవి వాళ్ళకు పనికిరావు."

అప్పుడు తల తిప్పి నా మొహంలోకి చూసింది. "నేను నాటితే అది చెట్టు కాదా?"

ముందు సీటులోని పెద్దాయన మమ్మల్ని వింటున్నట్టున్నాడు, వెనక్కి తిరిగాడు. "ఏం చెట్టమ్మా అది?"

"కుందేటి కొమ్ములన్నా."

"ఓ, పచ్చడి చేస్తారే! మా యమ్మ చేస్తాండె. రొట్టెలోకి శానా బాగుంటాది." ఆయన నోరూరినట్టు గుటక వేసి మళ్ళీ ముందుకు తిరిగాడు.

"చూడు," అంది నా భార్య. "ఆయప్పకు తెలుసు అది చెట్టని."

నేను శాలువా మడిచి సంచిలో పెట్టేశాను.

ఆ లెక్క ఏమిటో చెప్పాలి. చుట్టూ ఉన్న చెట్టూ పిట్టా పురుగూ గమనించే మామూలు జనం కోసం ఫోన్లో ఒక వేదిక ఉంది. ఫోటో పెట్టాలి, ఎక్కడ చూశామో మ్యాపు మీద చుక్క పెట్టాలి. ప్రపంచంలో ఎక్కడో ఉన్నవాళ్ళెవరో దాని పేరు చెబుతారు, ఇంకొకరు ఔనంటారు. అప్పుడా ఫోటోకు పరిశోధనకు పనికొస్తుందని ఆకుపచ్చ ముద్ర పడుతుంది. కానీ ఫోటో కింద ఒక చిన్న గడి ఉంటుంది. ఇది మనిషి నాటినదా, పెంచుతున్నదా, పంజరంలో ఉన్నదా అని అడుగుతుంది. ఔనని టిక్కు పెడితే ముద్ర పడదు. మ్యాపులో మామూలుగా వెతికేవాళ్ళకు ఆ చుక్క కనబడదు కూడా. తనంతట తాను బతుకుతున్నది ఎక్కడుందో తెలుసుకోవడానికే ఆ వేదిక. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. జవాబు చెప్పినవాళ్ళలోనే ఉంది తప్పు. అందులో నేను ముందు వరుసలో ఉన్నాను.

నేను కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. తీగలకు తగిలే కొమ్మలు కొట్టించడం నా ఉద్యోగంలో పెద్ద భాగం. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ చెట్టంటే తీగకు అడ్డం వచ్చే వస్తువు. రిటైరయ్యాక అదే చెట్టు ముందు ఫోను పట్టుకుని నిలబడడం మొదలుపెట్టాను. అందులో ప్రేమ ఎంతో, పొద్దుపోక ఎంతో, నలుగురు మెచ్చుకోవాలనే దురద ఎంతో నేను విడదీసి చెప్పలేను. మూడోదే ఎక్కువని ఇప్పుడు అనుమానం.

ఆ పనిలో నాకు త్వరగానే ఒక నైపుణ్యం వచ్చింది. కుండీ అంచు ఫోటోలో పడకుండా తీయడం. పాదు చుట్టూ పేర్చిన ఇటుకలను కత్తిరించేయడం. మా బావమరిది ఇంట్లో ఒక రామచిలక ఉంది. రెక్క విరిగి పెరట్లో పడితే దొరికింది. దాన్ని పంజరంలోంచి తీసి వేపకొమ్మ మీద కూర్చోబెట్టించి, అది బెదిరి దిగేలోపు ఫోటో తీశాను. పెంచుతున్నదా అన్న గడి ఖాళీగా వదిలేశాను. ఆకుపచ్చ ముద్ర పడింది. "నీ పనేదో బాగుండాది బావా," అని బావమరిది నవ్వాడు. "పంజరం దానిది, పేరు నీది."

కర్నూలు, కడప వైపు ఈ పని చేసే మాకందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. దాన్ని నడిపేది రాజంపేటలో ఎరువుల దుకాణం ఉన్న పెద్దమనిషి. ఉత్సాహవంతుడు, నలుగురికి సాయపడేవాడు. కడపలో సభ పెట్టి నాకు శాలువా కప్పింది ఆయనే. మా అందరికీ ఒకటే రోగం. ఎవరి చుక్కలు ఎన్ని, ఎవరి ముద్రలు ఎన్ని. గడి సంగతి మాలో ఎవరూ ఎత్తేవాళ్ళం కాదు.

ఇక కుందేటి కొమ్ములు. మా అత్తగారి ఊరు నందికొట్కూరు దగ్గర. ఊరి వెనక ఒక రాతిగుట్ట. తొలకరి పడ్డాక ఆ గుట్ట మీద రాళ్ళ నీడన వేలెడు లావున, పలకలు పలకలుగా, ఆకు అనేది లేకుండా బూడిద కలిసిన ఆకుపచ్చ కొమ్మలు లేచేవి. చూస్తే మొక్క అనిపించదు, ఎవరో విరిచి గుచ్చినట్టుంటుంది. పూలు చిన్నవి, నల్లెరుపు నక్షత్రాలు. దగ్గరికి పోతే మంచి వాసన రాదు, ఈగలు మాత్రం ఇష్టంగా వస్తాయి. నా భార్య చిన్నప్పుడు వాళ్ళమ్మతో పోయి వాటిని కోసుకొచ్చేది. అంచుల్లోని ఈనెలు తీసి, ముక్కలు చేసి, నూనెలో పచ్చిమిరపకాయలతో వేయించి, చింతపండు, వెల్లుల్లి వేసి రోట్లో నూరితే పచ్చడి. కొంచెం చేదు, కొంచెం వగరు. జొన్నరొట్టెలోకి దాన్ని మించింది లేదని ఆమె వాదన. పెళ్ళయిన కొత్తలో నేను మొహం చిట్లించాను. ఇప్పుడు అడిగి తింటాను.

ఆ గుట్టను కంకర క్రషర్‌కు లీజుకిచ్చారు. క్రషర్‌కు కరెంటు కావాలి కదా. ఆ లైను వేసింది మా గ్యాంగే. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. నేను కాకపోతే ఇంకొకరు వేసేవారు. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను, ప్రతిసారీ నిజమే, ప్రతిసారీ చాలలేదు. గుట్ట మొదట్లో స్తంభాలు నాటించి, వెనక్కి నిలబడి, వరుస తిన్నగా వచ్చిందని సంతోషపడింది నాకు గుర్తుంది.

పేలుళ్ళు మొదలైన వారంలో నా భార్య తన ఊరికి పోయింది. పోయేటప్పుడు ఎందుకో చెప్పలేదు. వచ్చేటప్పుడు చెంగు నిండా కుందేటి కొమ్ముల ముక్కలు, టిఫిను డబ్బాలో ఆ గుట్ట మట్టి. మా ఇంటి ప్రహరీ నాపబండలు ఒకదాని మీదొకటి పేర్చి కట్టింది. ఆ బండల సందుల్లో చెంచాతో మట్టి కూరి, ఒక్కో ముక్కా గుచ్చింది. నీళ్ళు పోయలేదు, చిలకరించింది. అవి చాలా రోజులు అట్లాగే, చచ్చాయో బతికాయో తెలియకుండా ఉన్నాయి. వానలు రాగానే కొత్త కొమ్మలు వేశాయి. ఆ మరుసటి ఏడు పూశాయి.

పూసిన రోజు నేను కుర్చీ వేసుకుని ఫోటో తీశాను. ఎక్కడ అని ఫోను అడిగింది. మ్యాపు మీద మా వీధిలో ఉన్న చుక్కను వేలితో పట్టి గుట్ట దాకా జరిపాను. నేను గుట్ట ఎక్కడమంటే అంతే. గడి ఖాళీ. మూడు దేశాల నుంచి ముగ్గురు ఔనన్నారు. ఆ చుట్టుపక్కల ఆ మొక్కకు అప్పటిదాకా ఆ వేదిక మీద చుక్క లేదు. గ్రూపులో పొగడ్తలు, పోస్టరు మీద నా ఫోటో, చివరికి శాలువా.

పొగడ్త కోసమే చేశానంటే సగమే చెప్పినట్టు. గుట్ట మీద ఆ ఆకుపచ్చ చుక్క చూసినప్పుడల్లా నాకు ఒక హాయి కలిగేది. గుట్ట ఉంది, దాని మీద మొక్క ఉంది, మా స్తంభాలు ఏమీ చెరపలేదు. మ్యాపు అదే చెబుతోంది కదా.

బస్సు ప్రయాణం తర్వాత నా భార్య ఆ ఊసు ఎత్తలేదు. ఒక్కటి మాత్రం చెప్పింది. "ఇంగ ఆ గోడ కాడికి ఫోను ఎత్తుకోని రావద్దు." ఆ చుక్కను సరిచేయాలంటే నిమిషం పని. ఎండాకాలం గడిచింది, చేయలేదు. ప్రతి ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద, మాటచేతా క్రియచేతా చేసిన పాపాలని గట్టిగా అందరితో కలిసి చెబుతాను. వేలితో జరిపిన చుక్క ఆ ఒప్పుకోలులో ఎన్నడూ నాకు తగల్లేదు. పక్కనే మోకరించిన మనిషికి మాత్రం తగిలే ఉంటుంది.

వానలు పడ్డాక కడప నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది. ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం చదువుతోంది. రాతిగుట్టల మీది మొక్కల గురించి ప్రాజెక్టు. మ్యాపులో నా చుక్క చూసి, గ్రూపులో అడిగి నా నంబరు తీసుకుంది.

"సార్, గుట్ట మీద ఏ పక్క ఉండాది సార్ అది? మీరు చూపిస్తే ఒక్క పూట పని."

"ఇప్పుడు అక్కడ పేలుళ్ళు జరుగుతున్నాయమ్మా. కొన్నాళ్ళు ఆగితే మంచిది."

"ఆగితే పూలు పోతాయి కద సార్?"

"చూద్దాంలే," అన్నాను. చూద్దాంలే అనేది నా జీవితంలో నేను ఎక్కువసార్లు వాడిన మాటల్లో ఒకటి. ఆ అమ్మాయి దాన్ని ఇంకోలా అర్థం చేసుకుంది. పెద్దాయన, ఎండలో రాలేడు, మొహమాటపడుతున్నాడు అనుకుని తనే పోయింది.

ఒక మధ్యాహ్నం నందికొట్కూరు బస్టాండు నుంచి మళ్ళీ ఫోను. "సార్, గుట్టకాడ నుంచి వస్తాండా. మీ ఇంటికి రావచ్చునా?" రమ్మని దారి చెప్పాను.

గేటు తీసేసరికి రెండు అరచేతులూ గీరుకుపోయి, చుడీదారు మోకాలి దగ్గర చినిగి, ఒక చెప్పు పట్టీ తెగి చేతిలో పట్టుకుని నిలబడింది. నా భార్య లోపల్నుంచి చూసి పరిగెత్తుకొచ్చింది.

"అయ్యో పాపా, యాడికి పోయింటివి?"

"గుట్టకు పోయింటినక్కా. సారు చూసిన మొక్క కోసరం."

"ఒక్కదానివేనా?"

"మా నాయన వద్దన్నాడు. సారు పెద్దాయన, కండ్లతో చూసినాడు, చుక్క గూడా పెట్టినాడు, ఊరికే పెడతాడా అని చెప్పి వచ్చినా." నవ్వబోయింది, అరచెయ్యి మంటకు మొహం ముడుచుకుంది. "సైరన్ కొట్టినారు. అదేందో నాకు తెలీలేదు. వాచ్‌మన్ అరిస్తే ఉరికినా, కంకర మీద జారినా. నేను పడినాకనే పేలింది, ఆ పక్క."

నా భార్య ఆమెను ప్రహరీ పక్కన అరుగు మీద కూర్చోబెట్టి, చేతులు కడిగి, లోపలికి పోయి మజ్జిగ తెచ్చింది. అమ్మాయి నా వైపు తిరిగింది. ఆమె మొహంలో ఫిర్యాదు లేదు. తను ఏదో తప్పు చేసినట్టు అడిగింది.

"సార్, సగం గుట్ట ల్యాదు. మిగిలిన సగం అంతా తిరిగినా, యాడా కనపల్లేదు. నేను చూడాల్సిన పక్క చూసినట్టు లేను. మీ ఫోటోలో ఒక పలకరాయి ఉండాది కద సార్, అది యాడుండాది?"

ఆ రాయి ఆమె వీపు వెనకే ఉంది.

నా భార్య మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ఒక్క మాట చెబితే నా పని తేలికయ్యేది. చెప్పలేదు. గ్లాసు అమ్మాయికి ఇవ్వనూ లేదు. నన్నే చూస్తోంది.

"వెనక్కి తిరగమ్మా," అన్నాను.

తిరిగింది. మొదట ఆమెకు సంతోషమే కలిగింది. అరుగు దిగి గోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది, గాయమైన మోకాలి మీదే. నేను కడపలో మైకు ముందు నటించి చెప్పింది ఆ పిల్ల నిజంగా చేసింది. పూల దగ్గరికి మొహం పెట్టి, వాసనకు ముక్కు ముడిచి నవ్వింది. తర్వాత బండ మీద క్రిస్మస్‌కు వేసిన సున్నం చుక్కలు చూసింది. తన ఫోన్లో నేను పెట్టిన ఫోటో తెరిచి పెద్దది చేసుకుంది. ఫోటో మూలలో కూడా రెండు సున్నం చుక్కలు. నేను కత్తిరించడం మరిచిపోయినవి.

"ఇది నాటింది కద సార్?"

"నాటిందే. మా ఆవిడ నాటింది."

"మరి గుట్ట మీది?"

"గుట్ట మీద నేను ఫోటో తీయలేదు. నేనసలు ఆ గుట్ట ఎక్కనే లేదు."

నా భార్య అప్పుడు మజ్జిగ గ్లాసు ఆమె చేతికిచ్చింది.

అమ్మాయి సగం తాగి గ్లాసు అరుగు మీద పెట్టింది. "మా నాయనకు ఏం చెప్పల్ల సార్ నేను?" అంది. కోపంగా కాదు. నిజంగా తెలియక అడిగింది. క్షమించమన్నాను. ఆమె తల ఊపింది, కానీ ఆ తల ఊపడం క్షమించడం కాదు, విన్నానని చెప్పడం. అంతకంటే ఎక్కువ అడిగే హక్కు నాకు లేదు.

"ఈ రోజే మారుస్తాను," అన్నాను.

"మార్చండి సార్. గుట్ట మీద ల్యాదని తెలిస్తే, అది గూడా నా ప్రాజెక్టులో రాస్తా. ఉండాదని చూపిస్తా ఉంటే ఎవురికి తెలుస్తాది పోయిందని?"

గాయాలకు మందు రాసి, రొట్టె పెట్టి, తెగిన చెప్పుకు పిన్నీసు గుచ్చి ఇచ్చి, నా భార్య ఆమెను సాగనంపింది. పోయేటప్పుడు ఒక కొమ్మ విరిచి కాగితంలో చుట్టి ఇవ్వబోయింది.

"నేను నాటితే లెక్కలోకి రాదు కదక్కా," అని ఆ పిల్ల మొదటిసారి గట్టిగా నవ్వింది.

"లెక్క ఎవురిక్కావల్లే. బతికితే చాలు. పట్టుకోని పో."

ఆ సాయంత్రం నేను చేసిన మొదటి పని సరిచేయడం కాదు. రాజంపేట పెద్దమనిషికి ఫోను చేశాను. మర్యాదకు చెబుతున్నానని అనుకున్నాను. వద్దని ఎవరైనా అంటే బాగుండునని లోపల ఉంది.

ఆయన వద్దనే అన్నాడు. "ఏమప్పా, ఎండ తగిలిందా నీకు? రెండు జిల్లాలకూ అదొక్కటే చుక్క. పోస్టరు మీద గూడా ఏసినాం."

"నాటినదాన్ని నాటిందని చెబుతున్నా. అంతే."

"చెప్తే ముద్ర పోతాది."

"పోనీ."

"పోనీ అంటే నీదొక్కటే పోతాదా? ఒకరిది పట్టుకుంటే అందరివీ తవ్వుతారు."

"మీ ఎర్రచందనం సంగతా?"

ఆయన అడవిలో దొరికిందని పెట్టిన ఎర్రచందనం ఆయన బావగారు డ్రిప్పు పైపులు వేసి పెంచిన తోటలోదని మా అందరికీ తెలుసు. ఆయన గొంతు పెంచాడు.

"తోటలోదయితే ఏమప్పా? డ్రిప్పు పైపు ఉంటే ఎర్రచందనం మల్లెచెట్టు అయిపోతాదా? మా బావ నాటితే అది చెట్టు కాదా?"

నేను ఉలిక్కిపడ్డాను. బస్సులో నా భార్య అడిగిన ప్రశ్న అదే, నాటిన మనిషి తప్ప ఇంకే మార్పూ లేకుండా. ఒకే ప్రశ్నను ఇద్దరు అడిగారు. నాటిన చెయ్యి కనబడాలని ఆమె అడిగింది. ఆ చెయ్యి కనబడకూడదని ఈయన అడుగుతున్నాడు. ఇన్నాళ్ళూ నేను ఈయన పక్కన నిలబడి, ఆమె నోరు ఎలా మూయించాలో ఆలోచిస్తూ వచ్చాను.

"చెట్టే," అన్నాను. "చెట్టు కాదని ఎవరన్నారు? మీ బావ నాటాడని రాయండి. సిగ్గెందుకు?"

"నీకు బాగా ముదిరింది," అని ఆయన ఫోను పెట్టేశాడు.

నా భార్యను పిలిచి గోడ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాను. ఈసారి నేను అరుగు మీద కూర్చున్నాను. చుక్కను గుట్ట మీద నుంచి పట్టి మా వీధికి లాగాను. గడిలో టిక్కు పెట్టాను. ఆకుపచ్చ ముద్ర పోయి ఆ చోట బూడిదరంగు వచ్చింది. కింద వివరం రాసే చోటు ఉంది.

"చెప్పు. నువ్వు చెప్పింది రాస్తా."

"నేనేం చెప్పేది? చదువుకున్నోడివి నువ్వు."

"చదువుకున్నోడు రాసింది చూశావుగా."

ఆమె చెంగుతో మొహం తుడుచుకుని, ఎవరో ఎదురుగా ఉన్నట్టు గోడ వైపు తిరిగి చెప్పింది. "ఇది మా గోడ మీద ఉండాది. నేను నాటినా. మా ఊరి గుట్ట మీద నుంచి తెచ్చినా. కంకర కోసరం గుట్ట పేలుస్తాండారు. ఇప్పుడు ఆడ పోయి ఎతకద్దండి, దెబ్బలు తగులుతాయి. చూడల్లనుకునేటోల్లు మా ఇంటికి రాండి."

నేను 'ఉండాది'ని 'ఉంది' చేయబోయాను. ఆమె ఫోన్లోకి తొంగి చూసి, "నేను చెప్పింది రాస్తానంటివే?" అంది. ఆమె చెప్పినట్టే రాశాను.

"అయిపోయిందా?" అన్నాను.

"యాడయిపోయింది? లైను సంగతి?"

నేను ఆమె వైపు చూశాను. ఇన్నేళ్ళలో ఆ లైను గురించి ఆమె ఒక్కసారీ ఎత్తలేదు. తెలియదనుకున్నాను.

"అది గూడా రాయి," అంది. తిట్టినట్టు కాదు. అన్నంలో ఉప్పు వేయడం మరిచిపోతే గుర్తుచేసినట్టు.

రాశాను. ఆ క్రషర్‌కు కరెంటు లైను వేసింది ఈ ఫోటో పెట్టిన మనిషే అని రాశాను. రాశాక ఆమెకు చదివి వినిపించాను.

తర్వాతి రోజుల్లో పాతవన్నీ ఒక్కొక్కటే తీశాను. కుండీలు, పాదులు, పార్కులో మునిసిపాలిటీవాళ్ళు పెట్టినవి. రామచిలకకు టిక్కు పెట్టి, పంజరం కనబడే కొత్త ఫోటో పెట్టి, రెక్క విరిగింది, ఎగరలేదు, పెంచుతున్నది మా బావమరిది అని రాశాను. ముద్రలు రాలిపోతూ వచ్చాయి. గ్రూపులో ఎవరో నన్ను కుండీల సార్ అన్నారు. ఇంకొకరు, మన గ్రూపు పరువు తీస్తాండాడు అన్నారు. ఒకప్పుడైతే గ్రూపు వదిలి వెళ్ళిపోయేవాడిని, లేకపోతే నవ్వు బొమ్మ ఒకటి పెట్టి సర్దుకునేవాడిని. ఈసారి రెండూ చేయలేదు. ఔను, కుండీల సార్‌నే, కుండీ మాదే, నీళ్ళు పోసేది మా ఆవిడ అని రాసి అక్కడే ఉన్నాను. తీసేస్తే తీసేయమన్నాను. తీసేయలేదు. పెద్దమనిషి శాలువా తిరిగి తీసుకోడానికీ ఒప్పుకోలేదు. అదిప్పుడు మా మంచినీళ్ళ కుండ కింద చుట్టకుదురుగా ఉంది.

నేను పెట్టడం మానలేదు. ఇప్పుడు పెట్టేవాటిలో చాలావాటికి ముద్ర పడదని ముందే తెలుసు. అయినా పెడతాను. చెరువుగట్టు కోతకు గురికాకుండా ఎవరు ఏది నాటారో, ఏ మొక్క ఏ ఊరి నుంచి ఎవరి సంచిలో వచ్చిందో అడిగి, టిక్కు పెట్టి, కింద రాస్తాను. పరిశోధనకు పనికిరాదని ఫోను చెబుతుంది. సరే. అబద్ధంగా పనికొచ్చిన దానికంటే నిజంగా పనికిరానిది నాకిప్పుడు నచ్చుతుంది. ఈ మాట అనడానికి నాకు హక్కు కొత్తగా వచ్చింది, అదీ ఒక పిల్ల అరచేతులు గీరుకుపోయాక వచ్చింది. దాన్ని గొప్పగా చెప్పుకోలేను. వదులుకోనూ లేను.

మ్యాపులో గుట్ట ఇప్పుడు ఖాళీగా ఉంటుంది. అప్పుడప్పుడూ తెరిచి చూస్తాను. అంతకు ముందు అక్కడున్న చుక్క నా గొప్పతనం కోసం. ఈ ఖాళీలోనూ నా వాటా ఉంది, కానీ ఇది నిజం.

ఆ తరువాతి ఏడాది మా గోడ మీది కాయలు పగిలి, దూదిపింజల్లాంటి గింజలు గాలికి లేచాయి. మేము పట్టించుకోలేదు. వానలు వెళ్ళిపోయాక ఒక రోజు పక్కింటాయన గోడ మీంచి పిలిచాడు.

"ఏమప్పా, మీ కొమ్ములు మా గోడకొచ్చిండాయి. పీకేయల్లా?"

"పీకొద్దప్పా, పీకొద్దు," అని మేమిద్దరం ఒకేసారి అరిచి, చెప్పుల్లేకుండా పరిగెత్తాం. ఆయన గోడ బీటలో, ఎవరూ మట్టి కూరని చోట, ఎవరూ గుచ్చని చోట, చిటికెన వేలంత కొమ్మ ఒకటి నిలబడి ఉంది. ఫోటో తీశాను. గడి దగ్గర ఆగిపోయాను. ఎలాగైనా తప్పు చేస్తానేమోనని భయం. కడప అమ్మాయికి ఫోను చేశాను. ఆమె ప్రాజెక్టు పూర్తయింది, గుట్ట మీద లేదన్న సంగతి అందులో రాసింది. నేనిచ్చిన సమాచారం తప్పని కూడా రాసింది, నన్ను అడిగి మరీ.

"ఎవురూ నాటలేదు కద సార్? తనంతట తానే వచ్చిండాది కదా? అట్లయితే టిక్కు పెట్టద్దు. అది లెక్కలోకొస్తాది."

గడి ఖాళీగా వదిలాను. ఈసారి ఖాళీ నిజమే. రెండు రోజుల్లో ఆకుపచ్చ ముద్ర పడింది. రాజంపేట పెద్దమనిషి నుంచి మెసేజు వచ్చింది. మన చుక్క తిరిగొచ్చింది, శుభాకాంక్షలు అని. పక్కన పూలగుత్తి.

నా భార్యకు చూపించాను. ఆమె రోటి దగ్గర ఉంది. ఆ ఏడాది మొదటిసారి మా గోడ మీంచి నాలుగు కొమ్మలు కోయడానికి ఒప్పుకుంది. ఈనెలు తీస్తూ, ఫోను వైపు ఒకసారి, గోడ వైపు ఒకసారి చూసింది.

"అంటే తల్లి పనికిరాదంట, బిడ్డ పనికొస్తాదంటనా?"

"అట్లాగే ఉంది వాళ్ళ లెక్క."

"బిడ్డ కింద తల్లి సంగతి రాసినావా?"

"ఇంకా లేదు."

"మరి రాయి. నేను ఈడ పచ్చడి నూరల్ల, నీ ఎనక తిరిగేకి నాకు పొద్దు ల్యాదు."

అరుగు మీద కూర్చున్నాను. దీని తల్లి పక్క గోడ మీద ఉండాది అని మొదలుపెట్టాను. ఆ మాటను సరిచేయలేదు.